మైలుకు నలభై

బయట మైనస్ ముప్పై ఒకటి.
బేస్‌మెంట్‌లో మాత్రం ఆగస్టు.
గోధుమ కోతకొచ్చింది:
పాత బ్రష్షు కుచ్చులు కత్తిరించి జిగురులో నిలబెట్టిన పొలం.
ధాన్యపు గోదాము జానెడెత్తు.
కెల్‌మాంట్ స్టేషన్ అగ్గిపెట్టెకు అన్నయ్య.

ఆదివారమంతా కూర్చుని
స్కేలు పెట్టి, గుండుదారం వేలాడేసి
పట్టాల పక్కన ఇరవై రెండు తంతి స్తంభాలు పాతాను.
ఒక్కటీ అటు జరగలేదు, ఇటు వంగలేదు.
నా పనికి నేనే మురిసిపోయి
ఎదురింటి టోర్వాల్డ్ ఎగ్‌లాండ్‌ని పిలిచాను.

ముప్పై నాలుగేళ్లు రైల్వే తీగల మీద బతికినవాడు.
ఒక్కో మెట్టూ దిగి, కళ్లద్దాల ఆవిరి తుడుచుకుని,
బల్ల అంచుకు గడ్డం ఆనించి
నేలబారున చూశాడు.
చాలాసేపటికి అడిగాడు:
"వీళ్లంతా ఎవరికి సెల్యూట్ కొడుతున్నారు?"

మైలుకు నలభై అట.
లెక్క కట్టాను. ఎనభై ఏడో వంతులో పద్దెనిమిది అంగుళాలు.
అలాగైతే నా గోడ పొడవునా తొమ్మిదే పడతాయి,
అంతా ఖాళీగా కనిపిస్తుంది అన్నాను.
"ఖాళీగానే ఉండేది."

వంకాయల దగ్గర ఆడినట్టు బేరమాడుకున్నాం.
పన్నెండంగుళాలకు తెగింది.
నీ రైలుకే నాలుగు పెట్టెలు,
స్తంభాలొక్కటే నిజం చెప్పాలా అని ఆయనే సర్దుకున్నాడు.

ఎనిమిది పీకాం.
రెండు మళ్లీ వంపులో పాతాం, దగ్గర దగ్గరగా.
తీగ లోపలికి గుంజుతుంది కాబట్టి
స్తంభం బయటికి ఒరగాలి,
తాడులాటలో చివరివాడు
మడమలు తన్నిపెట్టి వెనక్కి వాలినట్టు.

అడ్డకర్రలు ఒకదానికి ఇటు, పక్కదానికి అటు.
అలిగిన తోడికోడళ్లు అనుకున్నాను, పైకి అనలేదు.
తీగ తెగిన రోజున
అన్నీ ఒకేవైపు ఊడి రాకుండా అట.

మడుగు పక్కన ఉన్నదాన్ని
బొటనవేలితో నెట్టి కావాలనే వంచాడు.
"ఇక్కడ ప్రతి ఏప్రిల్‌లో నేల దీన్ని కక్కేసేది.
నేనూ, ఆస్కర్ లిండ్‌హోమూ రాళ్లు పేర్చేవాళ్లం.
మళ్లీ ఏప్రిల్ వచ్చేది."
ఆస్కర్ గురించి ఇంకేమైనా చెబుతాడని ఆగాను.
జేబులోంచి పిప్పరమెంటు తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఇంతకీ ఇది ఏ సంవత్సరం?"
నాకు తెలియదు.
ఇంజను అట్టపెట్టె తిప్పి చూసి యాభై ఏడు అన్నాను.
"అయితే రెండు అడ్డకర్రలు ఉంచు.
డెబ్బైల్లో ఒకటే.
తర్వాత..."
చేత్తో గాలిలో రంపం ఆడించాడు.
"అదీ నేనే."

పళ్లపుల్ల మొనతో గాజు గిన్నెలకు ఆకుపచ్చ చుక్కలు పెడుతూ
తీగకని దాచిన దారం చూపించాను,
వెంట్రుక కన్నా సన్నం.
వద్దన్నాడు.
పట్టాలు తుడవడానికి నీ చెయ్యి దూరాలి,
చొక్కా చేతికి చిక్కి ఊరంతా లేచొస్తుంది.
స్తంభాలు సరిగ్గా ఉంటే
చూసేవాడే తీగ లాక్కుంటాడు.

రైలు వదిలాను.
వంపు దాటి, గోదాము దాటి, మడుగు దాటింది.
ఆయన రైలును చూడలేదు.
ఒక స్తంభం నుంచి ఇంకోదానికి
లేని తీగ మీద చూపు
కిందికి జారి, పైకెక్కి,
మళ్లీ కిందికి జారి వెళ్తోంది.

వెళ్లే ముందు మడుగు పక్కకు వంగి,
మూడంగుళాల ఆ పుల్లను
చూపుడువేలి గోటితో రెండుసార్లు కొట్టి
చెవి దగ్గర పెట్టాడు.
లోపల పుచ్చిందా లేదా
సుత్తి మోతతో పట్టేవాళ్లట.

నేనూ ఊపిరి బిగబట్టాను ఎందుకో.

"మొదలు గట్టిగానే ఉంది," అన్నాడు కోటు తొడుక్కుంటూ.
"కానీ ఏప్రిల్‌లో ఒకసారి వచ్చి చూస్తాను."